బండి ముక్కుకు ఊదు

తెలంగాణ వచ్చిన నాలుగో ఏట, దీపావళి వెళ్ళిన వారం, మా సర్వీసు సెంటరు వాళ్ళు నన్ను కొల్లాపూర్ క్యాంపుకు పంపించారు. అప్పటికి నేను మహబూబ్‌నగర్ వర్క్‌షాపులో ఫ్లోర్ సూపర్‌వైజరును. మా లైనులో మెట్లు ఇలా ఉంటాయి: హెల్పరు, టెక్నీషియను, సీనియర్ టెక్నీషియను, ఆపైన ఫ్లోర్ సూపర్‌వైజరు. చేతికి గ్రీజు అంటేది ఈ మెట్టు దాకానే. దీని పైకి పోయినవాళ్ళకు ఏసీ గాలి తగులుతుంది. నేను గ్రీజు మెట్టు మీదనే రిటైరయ్యాను, దానికి నాకు చింత లేదు.

క్యాంపు అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. దూరపు ఊళ్ళ నుంచి మహబూబ్‌నగర్ దాకా బండి తెచ్చే ఓపిక అందరికీ ఉండదు. అందుకని కంపెనీయే ఏదో ఒక కాంపౌండు కిరాయికి తీసుకుని, షామియానా వేసి, జాకీలు, కంప్రెషరు, స్కానరు పెట్టి ఉచితంగా చెకప్ చేస్తుంది. ఉచితం అంటే మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. ఆ క్యాంపుకు ఒకాయన మందు కొట్టే పంపు కూడా మోసుకొచ్చాడు. మాది కార్ల కంపెనీ అంటే, "ఇంజను ఇంజనే గద సారు" అన్నాడు. బాగు చేసి పంపించాం.

రెండో రోజు పొద్దున పసుపు నంబరు ప్లేటున్న తెల్ల డీజిల్ కారు వచ్చింది. దసరాకు కట్టిన బంతిపూల దండ ఎండిపోయి ఇంకా బంపరుకే వేలాడుతోంది. తోలుకొచ్చిన మనిషికి నలభై దాటి ఉంటాయి. పేరు బాలస్వామి, కృష్ణ ఒడ్డు వైపు ఊరు. ఆ ఊరికి, చుట్టుపక్కల తండాలకు కిరాయి బండి అంటే అదొక్కటే. కూర్చోమంటే కూర్చోలేదు, చాయ్ ఇస్తే తాగలేదు. బండి పక్కనే నిలబడ్డాడు.

బండి రాగానే సర్వీస్ అడ్వైజరు జాబ్ కార్డు రాస్తాడు. కస్టమరు చెప్పిన మాట చెప్పినట్టే రాయాలని రూలు. కానీ వాళ్ళు ఎప్పుడూ దాన్ని తమ భాషలోకి మార్చేస్తారు. బాలస్వామి చెప్పినదానికి మా అడ్వైజరు 'లో పికప్' అని రాసి చేతులు దులుపుకున్నాడు. నాకు ఇలాంటి రాతలంటే మంట. రోగి కడుపునొప్పి అంటే 'కడుపు' అని రాసి డాక్టరు దగ్గరికి పంపినట్టుంటుంది. నేనే పోయి అడిగాను. బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినంకనా? ఖాళీగానా, మనుషులు ఉన్నప్పుడా? చదును రోడ్డు మీదనా, ఎత్తు రోడ్డు మీద గడ్డ ఎక్కేటప్పుడా?

అన్నిటికీ సరిగ్గా చెప్పాడు. ఎండకాలం నుంచి కొంచెం కొంచెంగా మొదలైంది. చదును మీద బాగానే పోతుంది. మనుషులు నిండా ఉండి గడ్డ ఎక్కాలంటే మాత్రం ఎడ్లబండి అయిపోతుంది. ఆపి, తాళం తిప్పి మళ్ళీ చాలు చేస్తే కొంచెం దూరం గుంజుతుంది, ఆపైన మళ్ళీ అదే కథ. ఊళ్ళో మెకానిక్ డీజిల్ ఫిల్టరు మార్చాడు, ఇంజెక్టర్లు విప్పి కడిగించాడు, గుణం కనిపించలేదు.

చూస్తాం తమ్మీ, బాగు చేద్దాం అన్నాను. అందరికీ అనే మాటే అది. దానికి అతను ఇచ్చిన జవాబు మాత్రం నా సర్వీసులో ఇంకెవరి నోటా వినలేదు.

"బాగు కాకున్న ఫికర్ లేదు సారు. గానాడు ఎందుకు గుంజలేదో గది చెప్పుండ్రి నాకు. గంతే."

ఏ నాడు అని అడిగాను. అప్పుడు చెప్పాడు.

దసరా అయిన తర్వాత ఒక సాయంత్రం అతని భార్య మణెమ్మ పత్తి ఏరుతుంటే పాము కాటేసింది. దగ్గరి దవాఖానలో సూదిమందు ఇచ్చి, ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. ఇంకో బండి కోసం ఎదురుచూసే పనేముంది, కిరాయి బండి తనదే. ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరు పురుగుమందు తాగినా ఎక్కించుకుపోయింది ఆ బండే. వెనక సీట్లో తన తల్లి ఒడిలో భార్యను పడుకోబెట్టి నాగర్‌కర్నూలు బాట పట్టాడు. కొల్లాపూర్ దాటి గడ్డ మొదలయ్యే చోట బండి చచ్చుబడింది. యాక్సిలరేటరు నేలకు తొక్కినా కదలిక లేదు. ఆపాడు, చాలు చేశాడు, కొంత దూరం పోయాడు, మళ్ళీ ఆపాడు. దారి పొడుగూతా ఇదే. పెద్ద దవాఖాన గేటు లోపలికి పోయేసరికి మణెమ్మ లేదు. అక్కడి డాక్టరు, జర ముందుగాల వస్తే సూస్తుంటిమి అన్నాడట.

అతను ఇదంతా బానెట్ వైపు చూస్తూ చెప్పాడు. చివరికి ఇంకొక మాట అన్నాడు. "మా మణెమ్మ ప్రతి మంగళారం, శుక్రారం బండికి ఊదు పెడుతుండె సారు. పత్తి పనిల పడి గా మంగళారం మర్సింది. బండి ఆగినప్పుడల్ల గదే మాట. నేను మర్సిన, బండి తల్లి అలిగింది, శుక్రారం పెడత, నువ్వు ఫికర్ జెయ్యకు అనుకుంట... గట్ల అనుకుంటనే పాయె."

ఊదు అంటే సాంబ్రాణి పొగ. మా దిక్కు గుడిలో, దర్గాలో, ఇంట్లో అంతటా అదే మాట. బండ్లకు ఊదు పట్టడం మాకు వింత కాదు. దసరాకు మా వర్క్‌షాపులో కూడా స్పానర్లకు పసుపు కుంకుమ పెట్టి, జాకీల ముందు గుమ్మడికాయ కొట్టేవాళ్ళు. నేను రోమన్ కాథలిక్ ఇంట్లో పుట్టినవాణ్ణి, అయినా కొబ్బరి ముక్క కోసం ముందు వరసలోనే నిలబడేవాణ్ణి. కాబట్టి ఊదు మాట విని పక్కన పెట్టేశాను. అప్పటికి నా మనసంతా ఆ చనిపోయిన మనిషి చుట్టే తిరుగుతోంది. పని మొదలుపెడితే తప్ప నిలబడలేనని స్కానరు పెట్టాను.

స్కానరులో ఒకే ఒక్క ఫాల్ట్ కోడు చూపించింది: గాలి ప్రవాహం తక్కువ. కోడు వచ్చిన పార్టును వెంటనే మార్చేసేవాళ్ళను మా భాషలో 'కోడు మేస్త్రీలు' అంటాం. కోడు దారి మాత్రమే చూపిస్తుంది. గాలి నిజంగానే తక్కువ వస్తోందా, లేక కొలిచే సెన్సరు తప్పు కొలుస్తోందా అన్నది మనం తేల్చాలి.

ఆ సెన్సరు పేరు మాస్ ఎయిర్ ఫ్లో సెన్సరు. ఎయిర్ ఫిల్టరు డబ్బా దాటగానే గాలి గొట్టంలో ఉంటుంది. లోపల వెంట్రుకంత సన్నని భాగం ఒకటి కరెంటుతో వేడిగా ఉంటుంది. ఇంజను గాలి పీలిస్తే ఆ గాలి తగిలి అది చల్లబడుతుంది. మళ్ళీ వేడెక్కడానికి ఎంత కరెంటు తాగిందో చూసి బండిలోని కంప్యూటరు గాలి లెక్క కడుతుంది, ఆ గాలికి తగినంతే డీజిల్ వదులుతుంది. ఇప్పుడు ఆ భాగం మీద మడ్డి పేరుకుందనుకోండి. గొంగడి కప్పుకున్నవాడికి చలిగాలి తెలియనట్టే దానికీ గాలి తెలియదు. గాలి లేదనుకుని కంప్యూటరు డీజిల్ బిగబడుతుంది. చదును మీద ఎట్లాగో నడుస్తుంది. గడ్డ ఎక్కేటప్పుడు బయటపడుతుంది.

క్యాంపులోనే అదే మోడల్ బండి ఇంకొకటి ఉంది. రెండింటినీ పక్కపక్కన చాలు చేసి లైవ్ డేటాలో గాలి అంకెలు చూశాను. బాలస్వామి బండిలో అంకె రెండోదానిలో సగం కూడా లేదు. ఆ తర్వాత పాత మెకానిక్కుల పరీక్ష చేశాను. ఇంజను ఆపి, సెన్సరు ప్లగ్గు పీకి, మళ్ళీ చాలు చేయాలి. సెన్సరు లేకపోతే కంప్యూటరు తన దగ్గరున్న సగటు లెక్కతో నడిపిస్తుంది. ప్లగ్గు పీకినంక బండి ఇంకా బాగా నడిచిందంటే దొంగ దొరికినట్టే. ఇంజను ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నట్టు లేచింది. బాలస్వామి ఉలిక్కిపడి చూశాడు.

తాళం తీసి, రెండు స్క్రూలు విప్పి సెన్సరు బయటికి తీశాను. మామూలుగా దుమ్ముంటుంది, లేదంటే నూనె జిడ్డు. ఇక్కడ రెండూ లేవు. బెల్లం పాకం రంగులో గట్టి పూత ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వాసన నేను మరచిపోయేది కాదు. చిన్నప్పుడు మా చర్చిలో ధూపపాత్ర ఊపే పని నాదే. ఆరాధన అయిపోయాక దాని గొలుసుకు అంటుకున్న ఇలాంటి జిగురునే గోటితో గీకేవాణ్ణి.

ఊదు ఎక్కడ పెడుతుండె తమ్మీ, అని అడిగాను. బంపరు దగ్గర అంటాడేమోనని ఆశపడ్డాను, నిజం చెప్తున్నాను.

అతను బానెట్ కిందికి వంగి ఫిల్టరు డబ్బా క్లిప్పులు తీశాడు. మట్టి బాటల్లో తిరిగే బండి కదా, వారానికి రెండుసార్లు ఫిల్టరు తీసి దుమ్ము దులపడం భార్యకు తనే నేర్పించాడట. ఫిల్టరు బయటికి తీసినంక, ఇంజను చాలు చేసి, నిప్పుల మూకుడులో ఊదు వేసి, ఇదిగో ఈ గొట్టం నోటి దగ్గర పట్టేది. పొగంతా సర్రున లోపలికి పోయేది. అది చూసి సంతోషపడేదట.

"పసివిల్లకు తానం వోసి ఊదు వడుతం గద సారు, గట్లనే. గిది బండికి ముక్కు. తల్లి మంచిగ పీలుస్తాంది సూడు, అనేది."

ఫిల్టరు ఉన్నప్పుడైతే చాలా మటుకు దానికే అంటుకునేది. ఫిల్టరు తీసి, ఇంజను నడుస్తుండగా పట్టిన ఊదు నేరుగా వేడి భాగం మీద పడి, అక్కడే కాలి, పొర మీద పొర కట్టింది. ఎండకాలం నుంచి ఆ పొర పెరుగుతూనే ఉంది. మూకుడు పట్టిన చేయి మణెమ్మది. బండి గుంజనప్పుడు వెనక సీట్లో ఉన్నదీ మణెమ్మనే.

అయ్యో దేవుడా, ఇది ఇతనికి ఎట్లా చెప్పాలి అనుకున్నాను. చెప్పకుండా తప్పించుకునే దారి ఒకటుంది. దుమ్ము పట్టింది, కడిగేశాం అంటే సరిపోతుంది. అందులో సగం నిజం కూడా ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో అతనే అడిగాడు, ఊదు ఏమైనా తక్కువైందా సారు అని. మణెమ్మ పోయిన దగ్గర నుంచి వారం వర్జ్యం చూడకుండా రోజూ పొద్దున, సాయంత్రం తనే పడుతున్నాడట. ఆమె మరచినదానికి పరిహారంగా.

ఇంక దాచడానికి వీల్లేకపోయింది. నేను దుమ్మని చెప్పి పంపిస్తే, కడిగిన సెన్సరు మళ్ళీ మడ్డి కట్టడానికి ఎంతో కాలం పట్టదు. ఆ ఊళ్ళో రేపు నొప్పులొచ్చే ఆడకూతురు ఎక్కేది ఈ బండే.

సెన్సరు అతని చేతిలో పెట్టాను. వేలు తగలనీయకు, వాసన చూడు అన్నాను. చూశాడు. అర్థం కాలేదేమో మళ్ళీ చూశాడు. ఆ తర్వాత ఫిల్టరు డబ్బా వైపు, గొట్టం వైపు చూశాడు. బండ్లతో బతికిన మనిషి, నేను విడమరిచి చెప్పే అవసరం రాలేదు. అక్కడే బండి టైరుకు ఆనుకుని కింద కూర్చున్నాడు. మా టెక్నీషియన్లు చేతిలో పని ఆపేశారు. వాళ్ళను అటు పొమ్మని సైగ చేశాను.

అక్కడి నుంచే తల ఎత్తి అడిగాడు. "మర్సినందుకు కాదన్నట్టు."

కాదన్నాను. ఆ మంగళవారం పెట్టినా బండి అట్లాగే ఆగేది అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను, గట్టిగానే చెప్పాను. బండి గుంజితే ఆమె బతికేదా అన్నది నా స్కానరుకు తెలియదు, నీకు తెలియదు, ఆ డాక్టరుకు కూడా రూఢిగా తెలియదు. నేను గాలి కొలిచేవాణ్ణి, అంతవరకే చెప్పగలను అన్నాను. అతను విన్నాడో లేదో.

సెన్సరు శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు, చెడగొట్టడం మాత్రం చాలా తేలిక. పెట్రోలు పోయకూడదు, కార్బురేటరు కడిగే మందు కొట్టకూడదు, దూది తగలకూడదు, కంప్రెషరు గాలి అసలే పట్టకూడదు. దాని కోసమే చేసిన స్ప్రేను కొంచెం ఎడంగా పట్టి కొట్టి, కారనిచ్చి, దానంతట అది ఆరేదాకా ఆగాలి. మామూలు మురికి ఒక్కసారికే పోతుంది. ఇది పోలేదు. కొట్టిన ప్రతిసారీ కింద పెట్టిన గుడ్డ మీద డికాక్షను రంగు నీళ్ళు కారాయి, ఊదు వాసన లేచింది. బాలస్వామి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను ఇంకోసారి డబ్బా ఎత్తేసరికి, "జర ఆగుండ్రి సారు" అన్నాడు. వంగి ఆ వాసన ఇంకొకసారి పీల్చుకున్నాడు. తర్వాత కొట్టమన్నట్టు తల ఊపాడు. మళ్ళీ కొట్టాను.

ఆరినంక బిగించాను. కొత్త ఫిల్టరు వేశాను. కోడు తుడిచి, పాత లెక్కలు మరచిపోయేలా కంప్యూటరును రీసెట్ చేశాను. అంకెలు పక్క బండి అంకెలకు సరిపోయాయి. కానీ మా పద్ధతిలో అంకె చూసి బండి అప్పగించకూడదు. కస్టమరు ఏ పరిస్థితిలో లోపం చూశాడో అదే పరిస్థితిలో రోడ్ టెస్టు చేయాలి. అంటే గడ్డ ఎక్కాలి. కొల్లాపూర్ నుంచి నాగర్‌కర్నూలు బాట మీద గడ్డ అంటే అదే.

నేను తోలుతానన్నాను. వద్దన్నాడు, తనే కూర్చున్నాడు. బరువు కోసం వెనక సీట్లో మా వాళ్ళు ఇద్దరు ఎక్కబోతే, అక్కడ వద్దని చేయి అడ్డం పెట్టాడు. డిక్కీలో టూల్ పెట్టెలు వేయించాను.

ఊరు దాటి గడ్డ మొదలైంది. ఆ రోజు బండి ఆగిన చోటు నాకు చూపించనక్కరలేకపోయింది, అతని కాలు దానంతట అదే యాక్సిలరేటరు మీద బిగుసుకుంది. బండి ఆగలేదు. గేరు కూడా తగ్గించకుండా ఉరికింది. పత్తి చేలు, రాళ్ళ గుట్టలు వెనక్కి పోయాయి. అంత బాగా గడ్డ ఎక్కిన బండిని చూసి ఏడవాలనిపించడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. పైకి చేరినంక పక్కకు ఆపాడు. ఇంజను ఆపకుండానే స్టీరింగు మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"గిట్ల ఎక్కితే సాలు గద సారు గానాడు" అన్నాడు.

అతని వీపు మీద చేయి వేసి నేనూ ఏడ్చాను. ఓదార్చడానికి ఏదో అన్నాను, ఆమె మంచి మనసుతో చేసిన పనే కదా అని. ఆ మాట అతనికి చేరలేదు. కళ్ళు తుడుచుకుని, వెనక సీటు వైపు తిరిగి చూసి అన్నాడు:

"మర్సిన, మర్సిన అనుకుంట పాయె సారు. మర్సుడు నీ తప్పు కాదే అని చెప్పెటోళ్లు ఒక్కలు లేకపాయిరి."

క్యాంపుకు తిరిగి వచ్చాం. బంపరుకు ఉన్న ఎండిన దండ అతనే విప్పాడు. ఊదు మానమని నేను చెప్పలేదు. ఫిల్టరు డబ్బా మూసి, ఇంజను ఆర్పి, బండి ముందర పెట్టుకోమన్నాను. సరేనన్నాడు. మళ్ళీ మా వర్క్‌షాపుకు ఎప్పుడూ రాలేదు. ఆ బండి ఇంకా ఆ తండాల్లో తిరుగుతూనే ఉందని, గడ్డలు బాగానే ఎక్కుతోందని అటు నుంచి వచ్చిన డ్రైవర్ల ద్వారా విన్నాను.

గుంజని బండి వస్తే మేమంతా ఒకటే అడిగేవాళ్ళం: సర్వీసు ఎప్పుడు మరిచావు, ఆయిలు ఎందుకు మార్చలేదు, ఏం చేయలేదు? ఆ రోజు తర్వాత నేను ఆ ప్రశ్న రెండోదిగా పెట్టుకున్నాను. మొదటి ప్రశ్న, బండికి ఏమేం చేస్తావు, ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు అని. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు కూడా అట్లాగే అడగమని నేర్పించాను. చేయని పని బండిలో తొందరగానే కనబడుతుంది. ప్రేమతో చేసిన పనిని అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, తాము చేసింది తప్పని వాళ్ళకు తోచదు కాబట్టి.